మింగినా అరగని ఆకుపచ్చ రేణువు

1969 చివర్లో మెట్‌పల్లి దగ్గర మా అత్తగారి ఊరి ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే పని నాకు తాత్కాలికంగా దొరికింది. పాపకు అప్పుడు ఏడో నెల. మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ అత్తమ్మ దాన్ని చూసుకునేది. పాలకు ఏడుస్తుందో, ఒళ్లు వెచ్చబడిందో అని పాఠం మధ్యలో కూడా మనసు ఇంటికే పరుగెత్తేది. అయినా ఆ పని నాకు కావాలి.

ఆ రోజు ఆకు పాఠం. ఆకు కణం, అందులోని హరితరేణువులు బోర్డు మీద గీసి, పుస్తకంలో లేనిది ఒకటి చెప్పాను. హైదరాబాదులో చదివేటప్పుడు మా లెక్చరర్ నోట విన్నది. ఆ రేణువు ఒకప్పుడు విడిగా బతికిన చిన్న జీవి కావచ్చు. పెద్ద కణం దాన్ని మింగింది, అరిగించుకోలేకపోయింది. అది లోపలే ఉండిపోయి ఎండతో తిండి చేసి పెడుతోంది. ఇంత చిక్కైన కణం ఒక్క జీవి నుంచి కాక, కొన్ని జీవుల పొత్తు నుంచి పుట్టిందేమోనని కొందరి ఊహ. చాలామంది దీన్ని నవ్వి కొట్టిపారేస్తారని కూడా చెప్పాను.

ముందు బెంచీ పిల్ల లేచింది. "మింగినంక అరగకుంట ఎట్లుంటది టీచర్?"

"ఇల్లరికం వచ్చిన అల్లుడు లేడా?" అన్నాను. "ఇల్లు అత్తగారిది, పని ఆయనది. ఇప్పుడు పొమ్మంటే ఇద్దరికీ గడవదు."

తరగతి ఘొల్లుమంది. అంత నవ్వు ఎందుకో తెలియక వెనక్కి తిరిగితే గుమ్మంలో హెడ్మాస్టరు గారు. నూలు వ్యాపారి ఇంటికి ఆయన ఇల్లరికపు అల్లుడని ఊరందరికీ తెలుసు, ఇక్కడికి కొత్తగా వచ్చిన నాకు తప్ప.

సాయంత్రం పిలిచారు. అల్లుడి మాట ఎత్తనే లేదు. "పుస్తకంల లేని ముచ్చట చెప్పిండ్రు. అది అబద్ధమని రేపు పిల్లలకు చెప్పుండ్రి. లేకుంటే వేరే టీచర్ను చూసుకుంట."

పోలికకు క్షమించమన్నాను, మనస్ఫూర్తిగానే. పాఠం అబద్ధమని మాత్రం చెప్పనన్నాను.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ రాట్నం ఆపకుండానే అంది: "జర తల వంచితె ఏం పోతది బిడ్డా? వంచనంటవా, రేపు పిల్లను నీ వెంటనే తీస్కపో."

తీసుకుపోయాను. పాపను చంకనెత్తుకుని మళ్లీ అదే కణం గీశాను. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పాప సుద్దముక్క గుంజుతోంది.

"నిన్న చెప్పింది పుస్తకంల లేదు, పరీక్షల రాయకుండ్రి," అన్నాను. "రుజువు కాలేదు. అబద్ధమని కూడా ఎవరూ రుజువు చేయలేదు. అల్లుడి పోలిక తప్పు, అది తీసేస్తున్న. రేణువును మాత్రం తీసెయ్య."

ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీ పిల్ల మళ్లీ లేచింది. "మరి ఎట్ల అరగలే టీచర్?"

"నాకు తెల్వదు. తెల్వదు గనకనే చెప్పిన."

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచినప్పుడు నన్ను పిలవలేదు. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఆ ముందు బెంచీ పిల్ల ఇప్పుడు సాయంత్రాలు మా ఇంటికే వస్తుంది, అదే ప్రశ్న పట్టుకుని. అత్తమ్మ గొణుగుతుంది. గొణుగుతూనే పీట వేస్తుంది.