ఆగడం రాని మనిషి

టికెట్ కౌంటరావిడ ఏడాదిలో ఇరవై కిలోలు తగ్గింది. "ఇక చాలమ్మా. రోజుకో రొట్టె ముక్క ఎక్కువ తినండి. మొదట్లో కాస్త బరువు పెరిగినా కంగారు పడొద్దు, అది నీరే," అన్నారు డాక్టరుగారు. ఆమె బుద్ధిగా తలూపింది. సోమవారం ఆ ముక్కను తూచి మరీ, నమిలి నమిలి తిన్నది. మంగళవారం పొద్దున్నే చేతి ఉంగరం కూడా తీసి పక్కన పెట్టి బరువు చూసుకుంటే మూడు వందల గ్రాములు ఎక్కువుంది. డ్యూటీకి వెళ్లేలోపు మూడంతస్తుల మెట్లు పన్నెండుసార్లు ఎక్కి దిగి, కళ్లు తిరిగి గోడవారగా కూలబడింది. కూతురు పరుగెత్తుకొచ్చింది.

"తినమన్నారు కదమ్మా?"

"తగ్గడం నేర్చుకున్నానే. ఆగడమే చేతకావడం లేదు."

లేపబోతే అమ్మ మణికట్టు కూతురి పిడికిట్లో పూర్తిగా ఇమిడిపోయింది. బుధవారం ముక్కను ఆమె కాగితంలో చుట్టి చెత్తబుట్ట అడుగున దాచింది. "తిన్నావా?" అని కూతురు లోపలి గదిలోంచి అడిగింది.

"తిన్నానమ్మా," అంది.