ఓడిపోయిన లాయరు గారి డైరీ

అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో ఏప్రిల్ వచ్చిందంటే పైన్ చెట్ల పుప్పొడి కార్లకీ మెట్లకీ పసుపు పూసేస్తుంది. అలాంటి ఒక శనివారం ఉదయం, ఊరి చివర పాత చెక్క ఇంట్లో సామాను అమ్ముతున్నారని తెలిసి నేనూ మా ఆవిడా వెళ్లాం. కిటికీ దగ్గర తోలు అట్ట డైరీ ఒకటి కనబడింది. ఆ ఇంటి పెద్దావిడ ముత్తాత రాసుకున్నదట. ఆయన లాయరు, తర్వాత ఇక్కడి అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో సిపాయి, ఆపైన రాజకీయ నాయకుడు.

నిలబడే చదవసాగాను. ఒక కంచర గాడిద కోసం ఇద్దరు రైతులు కోర్టుకెక్కారు. ఈయన వాదిస్తుంటే అది బయట ఓండ్రపెడుతూనే ఉంది. కొన్ని పేజీల తర్వాత పొగమంచులో నది దాటుతున్నాడు. ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడలేదట. మనుషుల్ని బానిసలుగా ఉంచుకోవడానికే ఈ యుద్ధమని తెలిసీ నడిచానని రాసుకున్నాడు. గదిలో మాటలు ఎటో దూరంగా తేలిపోయాయి. నా కాళ్లు తడిశాయేమోనని కిందికి చూసుకున్నాను.

ఆ డైరీ నాకు కావాలి. అయితే మా నాన్నది చీరాలలో బట్టల కొట్టు. నచ్చిన చీరకే ముందు వంక పెట్టాలన్న విద్య కొనేవాళ్లను చూసి నేర్చుకున్నవాణ్ణి. అందుకని పక్కనున్న లాంప్‌ని తెగ పరీక్షించాను.

"మీకు కావాల్సింది డైరీ కదా, దాన్నెందుకు అంతలా చూస్తున్నారు?" అంది మా ఆవిడ.

"ఊరుకో, బేరం చెడగొట్టకు."

"ఇక్కడెవరూ బేరాలాడరండీ. స్టిక్కర్ మీదున్నది పే చేసి పదండి."

"దీనికి స్టిక్కర్ లేదు. అదే నా ఛాన్స్."

పెద్దావిడ దగ్గరికెళ్లి నిర్లక్ష్యంగా డైరీ ఊపాను. "కేసులు ఓడాడు, యుద్ధం ఓడాడు, చివరికి ఎలక్షన్ కూడా ఓడాడు. ఇలాంటాయన డైరీ ఎవరు కొంటారు మేడమ్?"

మా కొట్లో అయితే ఇలాంటి మాటకి మా నాన్న ధర దించేవాడు. ఆవిడ మాత్రం మెల్లగా కుర్చీలో కూలబడింది.

"ఓడాడా? ఆయన ఫొటో కింద మమ్మల్ని గొంతు కూడా పెంచనిచ్చేవాళ్లు కాదు," అంది. "పుట్టి పెరిగింది ఈ ఇంట్లోనే. దీన్ని ఒక్కసారీ తెరవలేదు. మీరు అదంతా ఇప్పుడే చదివారా?"

చదివానన్నాను. డైరీ కోసం ఆవిడ చెయ్యి చాపింది. నా తెలివంతా ఆ క్షణంలో దిగిపోయింది. "నిజం చెప్పాలంటే నాకిది చాలా నచ్చింది. ఎంతంటే అంతకు తీసుకుంటాను," అన్నాను. పుట్టి బుద్ధెరిగాక అలాంటి మాట నా నోట రావడం అదే మొదలు.

"ఇప్పుడిక అమ్మలేనండీ."

మా ఆవిడ చెవిలో అంది: "కొనడానికొచ్చి, ఆవిడ డైరీ ఆవిడకే అమ్మేశారు."

పెద్దావిడ డైరీ అందుకుని పేజీలు తిప్పి, కళ్లు చికిలించి, మళ్లీ నాకే అందించింది. "ఈ చేతిరాత నా చూపుకి ఆనడం లేదు. కాస్త చదివి పెడతారా?"

నది దాటిన పేజీ తీశాను. బానిసల మాట దగ్గర ఆగి ఆవిడ వైపు చూశాను. "ఆపకండి," అంది ఆవిడ, కళ్లు మూసుకుని. పేజీ చివరికొచ్చింది. ఇక్కడ ఆగితే డైరీ ఇచ్చెయ్యాలి. ఆవిడ అడక్కుండానే తర్వాతి పేజీ తిప్పాను.