భూపాల్ నెత్తినొప్పికి ముప్పై నిండలేదు

భూపాల్‌కు ఇరవై ఆరేండ్లు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వెంచర్లల్ల జేసీబీ నడుపుతడు. పొద్దున చెలక భూమి, పొద్దుగూకేసరికి ప్లాట్లు, అంత చెయ్యితిరిగినోడు. రెండు నెలల నుంచి లేవంగనే తల పగిలే నొప్పి, కండ్ల ముందర మసక. మసక ముదిరితే జేసీబీ దిగాలె. అతనికి వచ్చిన పని అదొక్కటే.

రోగం ఏందో వాడకట్టంతా నిమిషంల తేల్చేసింది: ఫోన్.

"గా ఫోన్ల తల పెట్టుడు బంజేస్తే అన్నీ బంజైతయ్ బిడ్డా," అని తల్లి మాణిక్యమ్మ దాన్ని గుంజుకున్నది. నొప్పి బందుగాలె. అద్దాల షాపాయన నెలల రెండు జతలు అంటగట్టిండు. ఆర్‌ఎంపీ శంకరయ్య "ఎండదెబ్బ" అని సూదేసిండు. ముసురువానల ఎండదెబ్బను కనిపెట్టిన ఘనత ఆయనదే. బల్ల మీది బీపీ మిషన్ పక్కనున్న ముసలాయనకు చుట్టిండు గానీ, భూపాల్‌కు చుట్టలే.

ఇంతల వార్డుల బీపీ, షుగర్ ఉచిత పరీక్షల శిబిరం పెట్టిండ్రు. భూపాల్ పోయి చెయ్యి చాపిండు.

"వయసెంత తమ్మీ?" పేర్లు రాసే సుసన్న అడిగింది.

"ఇరవై ఆరు అక్కా."

"ముప్పై దాటినోళ్లకే. నీకేం బీపీ? పెండ్లి గూడ కాకపాయె!"

లైన్ల ఉన్నోళ్లు నవ్విండ్రు. భూపాల్ గూడ నవ్విండు. రోగం గూడ ఆధార్ కార్డు చూసుకొనే ఒంట్లకు వస్తదని మనకు గట్టి నమ్మకం.

పదిహేను రోజులకు జేసీబీ పోయి కరెంటు స్తంభాన్ని గుద్దింది.

"తాగినవారా?" కాంట్రాక్టర్ మల్లేశయ్య ఉరికొచ్చిండు.

"లేదన్నా. రెండు స్తంభాలు కనవడ్డయి, నడిమిట్ల నుంచి పోనిచ్చిన."

మాణిక్యమ్మ అప్పటికప్పుడు పట్నంల కంటి దవాఖానకు తోలుకపోయింది. అక్కడి డాక్టరమ్మ కండ్లల్ల చుక్కలేసి, లైటు పెట్టి లోపల చూసింది. ఫోన్ ముచ్చటే ఎత్తలె. జబ్బకు బీపీ పట్టీ చుట్టింది: రెండువందల పది, నూటముప్పై.

"కంటి వెనక నరం వాచింది, రక్తం చిమ్మింది. ఇది అద్దాలతోని పోయేది గాదు. ఇంత చిన్న వయసుల ఇంత బీపీ ఉంటే కిడ్నీలు చూడాలె. ఇయ్యాల్నే పెద్ద దవాఖానల చేరుండ్రి."

"చూపొస్తదా అమ్మా?" మాణిక్యమ్మ అడిగింది.

"కుడికన్ను వస్తది. ఎడమది చెప్పలేను. ఆలస్యం చేసిండ్రు."

నెలకు ఇంటికొచ్చిండు. ఎడమకన్ను ఇంకా మసకే. మల్లేశయ్య పండ్లు పట్టుకొని చూడవచ్చిండు.

"ఫికర్ జెయ్యకు. వెంచర్ గేటు కాడ వాచ్‌మెన్‌గా ఉండు."

సగం చూపోనికి కాపలా నౌకరి! ఎంత పెద్ద మనసు!

"వద్దన్నా," అన్నడు భూపాల్, పొద్దటి బీపీ గోలీ మింగుకుంట. "డాక్టరమ్మ నడుపుమన్ననాడు బండికే వస్త. అనేదాక మాత్రం నువ్వు బతిలాడినా ఎక్క."