నేను మెత్తబరిచిన కబురు

ఆ రోజుల్లో బెజవాడ ఏలూరు కాలవ మీద ఇంకా పడవలు తిరుగుతుండేవి. టైపు హయ్యరు పాసై, కాలవ గట్టునున్న లారీ పార్సిలు ఆఫీసులో నేను చేరింది డెబ్భైల్లో ఒక వేసవిలో. మూడు నెలలు చూసి, అక్కడి పెద్దలిద్దరూ సరేనంటే ఖాయం చేస్తామన్నారు యజమాని. ఆ ఉద్యోగం నాకెంత కావాలో చెప్పలేను. ఇంట్లో పెళ్ళిచూపుల మాట ఎత్తకుండా ఉండడానికి నా దగ్గరున్న ఒకే ఒక సాకు అది. పని మాత్రం తక్కువే. కాలవలో తెరచాప కదిలిపోతుంటే దానితోపాటు నేనూ ఏ గోదారి గట్టుకో వెళ్ళిపోయి, ఎవరైనా దగ్గితే తిరిగొచ్చేదాన్ని.

ఆ పెద్దలిద్దరిలో బుకింగు చూసేవారిని బాబాయిగారని, లోడింగు చూసేవారిని మావయ్యగారని పిలిచేదాన్ని. ఇద్దరికీ మాటల్లేవు. ఆఫీసులో ఉన్న ఒక్క టేబులు ఫ్యాను ఎవరివైపు తిరగాలన్న తగువులో మావయ్యగారు అలిగి, తన బల్లను పెరడు అవతలి గోడౌనులోకి మార్పించుకున్నారట (ఫ్యాను గెలిచిన బాబాయిగారికి జలుబు ఎప్పటికీ తగ్గలేదు, అది వేరే సంగతి). నేను చేరాక కబుర్లు మోసే పని నాకొచ్చింది. “అమ్మాయ్, చీటీ చూసుకుని చావమని ఆ మహానుభావుడికి చెప్పు,” అని ఈయనంటే, పెరడు దాటేలోపు దాన్ని “చీటీ ఒకసారి చూడమన్నారండీ” అని మార్చేదాన్ని. అవతలినుంచి వచ్చే తిట్లకూ అదే మర్యాద. నెల తిరిగేసరికి ఇద్దరి మొహాలూ కాస్త తెరిపినపడ్డాయి. నా అంత నేర్పరి బెజవాడలోనే లేదనుకున్నాను.

ఒక మధ్యాహ్నం హైదరాబాదు లారీకి పెళ్ళివారి రసాల బుట్టలు ఎక్కుతున్నాయి. బాబాయిగారు తలెత్తకుండా, “ఆ ఎండుచేపల మూటలు రేపటి లారీలో వెయ్యమను. పళ్ళ పక్కన పెడితే పెళ్ళివారు మనల్ని బతకనివ్వరు. మొన్నా ఇలాగే చేశాడు, అసలు ముక్కుందో లేదో ఆయనకి,” అన్నారు. ఆ ముక్కు మాటను ఎలా మెత్తబరచాలా అనుకుంటూ బయల్దేరాను. కాలవలో ఒక పడవ మెల్లగా పోతోంది, పడవవాడు ఏదో పాడుకుంటున్నాడు, గాలంతా మామిడిపళ్ళ వాసన. మావయ్యగారి ముందు నిలబడేసరికి నాకు మిగిలింది ఒక్కటే: “ఎండలు ముదిరాయి, మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారండీ బాబాయిగారు.” ఆయన చేతిలోని చీటీ పక్కన పెట్టారు. “జలుబు తగ్గిందా అని నేనడిగానని చెప్పు,” అన్నారు చివరికి. ఆ ఆనందంలో తేలుతూ వచ్చేశాను.

లారీ వెళ్ళాక సరుకు జాబితా టైపు చేస్తుంటే, మామిడి బుట్టల కింది వరసలో “ఎండుచేపలు, నాలుగు మూటలు” అని నా వేళ్ళే కొట్టాయి. ఆ మాట నేను చెప్పనేలేదు. నోరు మూసుకుంటే నేరం ఒకరిమీదొకరు తోసుకుంటారు, నా ఉద్యోగం నాకుంటుంది. కానీ జలుబు సంగతి అడిగినప్పటి మావయ్యగారి మొహం గుర్తొచ్చి ఉండలేకపోయాను. బాబాయిగారిని గోడౌనుకు తీసుకెళ్ళి ఇద్దరి ముందూ చెప్పేశాను. “చేపల మాట చెప్పడం మర్చిపోయానండీ. ఇన్నాళ్ళూ మీ తిట్లు కూడా మార్చే చెప్పానండీ.”

ఇద్దరూ నా వంక చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. “డ్రైవరు ఊరి చివర గొల్లపూడిలో ఆగి భోంచేసి కునుకు తీస్తాడండీ,” అన్నారు మావయ్యగారు, సూటిగా బాబాయిగారితో. “అయితే సైకిలు తియ్యండి,” అన్నారు ఈయన. బాబాయిగారి భారీ శరీరం వెనక క్యారియరు మీద ఊగుతుంటే, సన్నటి మావయ్యగారు తొక్కుకుంటూ గట్టు మలుపు తిరగడం ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. పొద్దు వాలేవేళకు, సైకిలు వెనక కట్టిన రిక్షాలో, చేపల మూటల మధ్య ఇరుక్కుని, తప్పెవరిదని గట్టిగా పోట్లాడుకుంటూ తిరిగొచ్చారు. పళ్ళకేం కాలేదు. “ఇక నువ్వేం మొయ్యక్కర్లేదమ్మాయ్, మేమే తిట్టుకుంటాం,” అన్నారు బాబాయిగారు.

మర్నాడు మావయ్యగారి బల్ల ముందుగదిలోకి వచ్చేసింది. ఫ్యాను ఆయనవైపూ లేదు, ఈయనవైపూ లేదు. నా టైపు మిషను వైపు తిరిగి ఉంది. ఉద్యోగం ఖాయమైందని నాకు అలాగే తెలిసింది. కాగితాలన్నీ ఎగిరిపోతున్నా కట్టెయ్యమని అనలేదు నేను.

ఇప్పుడు మా ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య కబుర్లు మోసేదీ నేనే. చేపల మాట ముందు చెప్పేస్తాను. మిగతాది మాత్రం ఇప్పటికీ కాస్త మారుస్తూనే ఉంటాను.