బొట్టు పెట్టిన తూటాలు

హైమ మళ్లీ అడవిలో నడవాలి. ఈ ప్రయాణానికి అంతకుమించి కారణం లేదు. హైమ నా భార్య. మేం అమెరికాలోని రెడ్‌మండ్ వచ్చి పదకొండేళ్లయింది. వచ్చిన కొత్తలో వానా ఆఫీసూ కలిసి నన్ను సోఫాకి అతికించేస్తే, ఆమె మాత్రం శనివారం వచ్చిందంటే బూట్లు బిగించి ఏదో ఒక ట్రైల్, అంటే అడవిలో నడక దారి, ఎక్కేసేది. నన్ను రెక్క పట్టుకుని లాక్కెళ్లి నడవడం నేర్పింది కూడా తనే. ఈ ప్రయాణానికి ఏడాది ముందు అక్టోబరులో, హైవే 2 పక్కనున్న ఒక ట్రైల్‌లో, మా వెనకాల కూగర్ పడింది. కూగర్ అంటే ఇక్కడి కొండల్లో తిరిగే పెద్ద పిల్లి. మచ్చల్లేని చిరుత అనుకోండి. ఇరవై నిమిషాలు మమ్మల్ని వదల్లేదు. వీపు చూపిస్తే మీద పడుతుందని హైమకి తెలుసు. అందుకే దాని కళ్లలోకి చూస్తూ, గట్టిగా అరుస్తూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది. నేను ఆమె బ్యాగు పట్టుకుని దారి చూపించాను. చివరికి అదే విసుగెత్తి పొదల్లోకి వెళ్లిపోయింది. మాకు చిన్న గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు తర్వాత హైమ మళ్లీ అడవి మొహం చూడలేదు. సాయంత్రం చెత్త డబ్బా బయట పెట్టడానికి కూడా నన్నే పిలిచేది. మట్టి అంటిన ఆ బూట్లు ఏడాదంతా గరాజ్‌లో అలాగే పడి ఉన్నాయి.

నేను ఇంజినీర్ని. సమస్య ఉందంటే దానికో వస్తువు కొనాలనుకునే జాతి. సిటిజన్‌షిప్ వచ్చి రెండేళ్లయింది కాబట్టి తుపాకి కొనడానికి వీసా గొడవ లేదు. క్లాసుకి వెళ్లాను, లైసెన్స్ తీసుకున్నాను, టెన్ ఎంఎం పిస్తోలు కొన్నాను. ఆ తర్వాత మూడు నెలలు తూటాల గురించి చదివాను. ఎంత లోతుకి దిగుతుంది, ఎముక తగిలితే పక్కకి తిరుగుతుందా, చలికి చెయ్యి వణికితే పిస్తోలు ఎంత ఎగురుతుంది, అన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసుకున్నాను. ఇల్లు కొన్నప్పుడు కూడా అంత చదవలేదు. చివరికి మన్రో అనే ఊరు దాటాక ఉన్న ఒక చిన్న షాపుకి వెళ్లి, తెల్లగడ్డం పెద్దాయన ముందు ఆ షీటు తెరిచాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని ఒకటే ప్రశ్న అడిగాడు.

"ఏ జంతువు కోసం?"

"కూగర్. ఎలుగుబంటి కూడా."

ఆయన రెండు డబ్బాలు తీసి గాజు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో మొన దగ్గర చిన్న గుంట ఉన్న తూటాలు, హాలో పాయింట్లు. ఒంట్లోకి దిగగానే విచ్చుకుని అక్కడే ఆగిపోతాయట. మనుషుల నుంచి కాపాడుకోవడానికి అవి వాడతారు, కూగర్ చర్మం పలచన కాబట్టి దానికీ అవే చాలు అన్నాడు. రెండో డబ్బాలో ఉన్నవి గట్టి సీసం పోసినవి. మొన బల్లపరుపుగా ఉంటుంది. విచ్చుకోవు, ఎలుగుబంటి భుజం ఎముక పగలగొట్టుకుని కూడా లోపలికి పోతాయి.

"ఇవి అవతలి నుంచి బయటికి కూడా వస్తాయి. కాల్చేది ఏమిటో, దాని వెనకాల ఏముందో తెలియకపోతే వేలు ట్రిగ్గర్ దగ్గరికే వెళ్లకూడదు. బేర్ స్ప్రే ఉందా?"

"ఉంది." జంతువు కళ్లలో కొట్టే ఆ ఘాటు మిరప మందు డబ్బా అప్పటికే కొన్నాను.

"అయితే ముందు అది వాడటం నేర్చుకో. దీని సంగతి తర్వాత. వీటి మొన వెడల్పు కదా, కొన్ని పిస్తోళ్లకి పడదు, మధ్యలో ఇరుక్కుంటాయి. నీ దాంట్లో కనీసం వందైనా కాల్చి చూడు."

సరేనని తలూపి సీసం డబ్బా కొన్నాను. ఇరవై తూటాలకి నలభై డాలర్ల పైచిలుకు. అంటే ఒక్కోటి రెండు డాలర్లు. వంద కాల్చమన్నాడు మహానుభావుడు! షూటింగ్ రేంజిలో ప్రాక్టీసంతా చవకగా దొరికే గుండ్రటి మొన తూటాలతోనే లాగించేశాను. అవి ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. ఇవీ ఇరుక్కోవులే అనుకున్నాను. పచారీ కూపన్ల దగ్గర చూపించే పిసినారితనం ఇక్కడ కూడా చూపించాను.

ఆ ఏడు విజయదశమి గురువారం పడింది. నవమి నాడు ఇంట్లో ఆయుధ పూజ చేశాం. కారు తాళాలు, లాప్‌టాప్‌లు, వంటింటి కత్తులు, నా డ్రిల్ మెషిన్ వరుసగా పీట మీద పెట్టాం. హైమ నన్ను చూసి, "అది కూడా పెట్టండి. అసలు ఆయుధం అదొక్కటే కదా" అంది. పిస్తోలు ఖాళీ చేసి, పది తూటాలు ఇత్తడి పళ్లెంలో నిలబెట్టాను. ఆమె పసుపు తడిపి వేలితో ఒక్కోదాని మొనకీ రాసింది, పైన కుంకుమ పెట్టింది. పిస్తోలుకి కూడా పైనా కిందా పెట్టింది. ఏడాదిలో మొదటిసారి ఆమె మొహంలో ధైర్యం కనిపించింది. "రేపు దశమి కదా, పొలిమేర దాటాలి. వెళ్దామా?" అని తనే అడిగింది. ఆ మాట కోసమే కదా ఇన్ని నెలలు తిరిగింది! రాత్రి తూటాలు ఎక్కించేటప్పుడు తుడుద్దామని గుడ్డ తీశాను. హైమ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"పూజలో పెట్టిన బొట్టు తుడుస్తారా ఎవరైనా! తప్పు."

నాకూ చెయ్యాడలేదు. బొట్టు తుడవడమనే మాటే ఇంట్లో అనకూడదంటూ పెరిగినవాణ్ణి. ఎండి గట్టిపడిన పసుపుతోనే పదీ ఎక్కించేశాను.

గురువారం ఉదయం ఏడున్నరకి బయల్దేరాం. రెడ్‌మండ్ నుంచి మన్రో మీదుగా హైవే 2 ఎక్కితే గంటన్నర దారి. సెలవు రోజైతే ఇంకో గంట కలుపుకోండి. గోల్డ్ బార్ అనే ఊళ్లో రోడ్డు పక్క కాఫీ బండి దగ్గర ఆగాం. కాఫీ ఇచ్చిన అమ్మాయి నా ఛాతీ మీది తోలు సంచిలో పిస్తోలు చూసి, "వేటకా?" అంది. "కాదు, జాగ్రత్త కోసం" అన్నాను. "ఈ వారం పుట్టగొడుగుల వాళ్లు తప్ప ఎవరూ ఉండరు పైన. వానలు బాగా పడ్డాయి కదా" అంది చిల్లర ఇస్తూ. వినాల్సిన మాట అది. నేను కాఫీ వేడిగా ఉందో లేదో చూసుకుంటున్నాను. మేం వెళ్లింది కిందటేడాది ట్రైల్‌కే, అక్కడ పార్కింగ్ పాస్ ఐదు డాలర్లు. రెండు కార్లున్నాయి, మనుషులు కనిపించలేదు. తొమ్మిదీ ఇరవైకి నడక మొదలుపెట్టాం. సన్నటి జల్లు, చెట్ల మధ్య పొగమంచు. మొదటి మైలు దాకా హైమ నా బ్యాగు పట్టీ వదల్లేదు. రెండో మైలులో వదిలేసింది. ఒక వాగు దగ్గర ఆగి పులిహోర డబ్బా తెరిచి, "ఎంత మిస్సయ్యానో చూడండి" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కిందటేడాది కూగర్ కనిపించిన మలుపు రెండో వంతెన దాటాక వస్తుంది. అక్కడికి చేరేసరికి పదకొండు దాటింది. హైమ మళ్లీ పట్టీ పట్టుకుంది. కుడి పక్క వాలులో, నడుమెత్తు పెరిగిన ఫెర్న్ మొక్కల మధ్య, లేత గోధుమ రంగులో ఏదో కదిలింది. నేలబారుగా, నెమ్మదిగా, పడిపోయిన దుంగ కిందుగా మా వైపే వస్తోంది. "అదే... అదేనండీ" అంది హైమ. అలాంటప్పుడు గట్టిగా అరవాలని మాకు తెలుసు. కిందటేడాది ఆమె ప్రాణం నిలిపింది ఆ అరుపే. ఈసారి ఇద్దరం అరవలేదు. స్ప్రే డబ్బా నా బ్యాగు పక్క జేబులోనే ఉంది. దాని మీదికి మా ఇద్దరి చెయ్యీ పోలేదు. నా దగ్గర తుపాకి ఉంది కదా. అది తీసి, పైభాగం వెనక్కి లాగి వదిలాను. అలా వదిలితే మొదటి తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. గురి పెట్టాను. ట్రిగ్గర్ నొక్కాను.

ఈ చివరి వాక్యం రాయడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

అది పేలలేదు. మళ్లీ నొక్కాను. వేలి కింద ట్రిగ్గర్ చచ్చుబడినట్టుంది. పైభాగం పూర్తిగా ముందుకి రాకుండా అరంగుళం దూరంలో ఆగిపోయింది. అంతలో దుంగ అవతల నుంచి పసుపుపచ్చ బకెట్ ఒకటి పైకి లేచింది. దాని వెనకాల గోధుమ రంగు కోటు వేసుకున్న ముసలావిడ. డెబ్భై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, తలకి గుడ్డ, చేతిలో చిన్న కత్తి. ఆవిడ మొదట పిస్తోలు చూసింది, తర్వాత నన్ను. బకెట్టూ కత్తీ వదిలేసి రెండు చేతులూ పైకెత్తింది. పుట్టగొడుగులు వాలు మీద దొర్లుకుంటూ పోయాయి.

"నో షూట్. నో షూట్" అంది. తర్వాత, ఒక చెయ్యి పైనే ఉంచి, రెండోది మెల్లగా కోటు జేబులోకి పోనిచ్చి, ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన కాగితం తీసి నాకు చూపించింది. "పర్మిట్. హావ్ పర్మిట్." పుట్టగొడుగులు ఏరుకోవడానికి ఫారెస్టు వాళ్లిచ్చే అనుమతి అది.

ఈ దేశంలో పదేళ్లు వీసా కాగితాల ఫైలు చంకలో పెట్టుకుని తిరిగినవాణ్ణి నేను. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నా వంక ఇంకో క్షణం ఎక్కువ చూస్తే చాలు, నా చెయ్యి కూడా అలాగే జేబులోకి పోయేది. ఆవిడ ఆ కాగితం నాకు చూపిస్తోంది! పిస్తోలు కిందికి దించాను. సారీ అన్నానో లేదో నాకు గుర్తులేదు. హైమ మాత్రం "అమ్మా, అమ్మా" అని తెలుగులోనే అంటూ వాలు దిగి వెళ్లింది. ఆవిడ చేతులు పట్టుకుని కిందికి దించింది. మోకాళ్ల మీద కూర్చుని పుట్టగొడుగులు ఒక్కొక్కటే ఏరి బకెట్లో వేసింది. ముసలావిడ సాయం చెయ్యలేదు, నా మీంచి చూపు తిప్పలేదు. బకెట్ చేతికి ఇవ్వగానే వెళ్లిపోయింది. మాకు వీపు చూపించకుండా, నా కళ్లలోకి చూస్తూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ, మలుపు తిరిగేదాకా అలాగే నడిచింది.

ఆ నడక హైమకి తెలుసు. ఆమె నా వైపు తిరిగి చూసింది.

దిగడానికి రెండు గంటలు పట్టింది. పిస్తోలు ఇరుక్కుని ఉంది కాబట్టి దారంతా నేలవైపు పట్టుకునే దిగాను. నేరుగా మన్రో షాపుకి వెళ్లి, జరిగింది చెప్పాను. పెద్దాయన ఏదో నొక్కి, తూటా బయటికి లాగి, వెలుతురులో తిప్పి చూశాడు. పిస్తోలులో తూటా గొట్టంలోకి జారే ఏటవాలు దగ్గర పసుపు పెళ్లలు కట్టింది.

"ఏంటిది?"

"పసుపు. పూజ చేశాం."

"ఈ రకం కాల్చి చూశావా?"

"లేదు."

ఆయన చాలాసేపు గోటితో ఆ పసుపు గీకాడు. "దేవుడు మేలు చేశాడు నీకు" అన్నాడు. "ఆమెక్కూడా." నేను పిస్తోలు అక్కడే అమ్మేశాను. మిగిలిన తూటాల మీది బొట్టు హైమే కారులో కూర్చుని తడి గుడ్డతో తుడిచింది, ఒక్కోటీ. తప్పు అని ఈసారి అనలేదు.

పూజే కాపాడిందని చుట్టాలు కొందరన్నారు. నా చేతకానితనం కాపాడిందని నేనంటాను. పసుపు పట్టకుండా ఉండి, ఆయన చెప్పినట్టు వంద కాల్చి చూసుకుని ఉంటే, ఆ తూటా ఆవిడలోంచి దూసుకుపోయేది. మూడు నెలలు ఏ తూటా అని వెతికాను. ఆ షీటులో పద్నాలుగు గళ్లున్నాయి. అవతల ఉన్నది ఎవరు అనే గడి ఒక్కటీ లేదు. హైమ ఇప్పుడు మళ్లీ నడుస్తోంది. శనివారం పొద్దున్నే, మా వీధిలోని ఇద్దరు ఆడవాళ్లతో వెళ్తుంది. నేనూ వస్తానని మొన్న బూట్లు తీశాను. "వద్దండీ" అంది, తన బూట్ల లేసులు కట్టుకుంటూ. "కూగర్ అంటే భయం పోయింది నాకు. వెనకాల మీరుంటేనే భయమేస్తోంది."

ఆ వైపు వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పొదల్లో పుట్టగొడుగులు ఏరేవాళ్లుంటారు, ట్రైల్ మీద కనపడరు. బేర్ స్ప్రే యాభై డాలర్లు, బ్యాగులో కాకుండా నడుముకి కట్టుకోండి. ఏదైనా కదిలితే ముందు గట్టిగా పలకరించండి. మనిషైతే పలుకుతారు.