శనివారం చూసే గుట్ట

మా అత్తమ్మ శనివారం ఒక్కపొద్దు ఉండేది. పాలమూరులో ఉన్నన్నాళ్లూ వాకిట్లో నిలబడి, దూరాన కనిపించే కురుమూర్తి సామి గుట్టకు దండం పెట్టుకున్నాకే అన్నం ముట్టేదట. వలస వచ్చాక, కామాటిపురలో మా ఒంటిగది ఖోలీ తలుపు తీస్తే కనిపించేవి పక్క చాల్ భవనం గోడ, దాని మీద ఆరేసిన చీరలు. అందుకే ఎనభైల్లో ఓ ఏడాది, దాదర్‌లో ఉండే మా మరిది చుట్ట చుట్టి ఇచ్చిపోయిన క్యాలెండరు విప్పగానే ఆమె ముఖం వెలిగింది. పచ్చటి పొట్టి గుట్ట, చుట్టూ చిన్న చిన్న ఊళ్లు, పైన తెల్లటి కట్టడం.

"మన సామి గుట్టనే!" అని గోడకు తగిలించి బొమ్మకు బొట్టు పెట్టింది. నేను ఇక్కడే పుట్టి, ఇంట్లో నాన్న దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకున్నదాన్నే గానీ ఆ గుట్టను చూసినదాన్ని కాదు. నేనూ అగరొత్తులు వెలిగించాను.

కొన్నాళ్లకు ఓ శనివారం మరిది వచ్చాడు. అత్తమ్మ అప్పుడే బొమ్మకు దండం పెట్టుకుని కంచం ముందు కూర్చుంది. అతను బొట్టు చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"అమ్మా, కింద ఇంగ్రీజుల రాసుంది సూడు. ఇది విలాయత్ గుట్ట. పైనున్నది చర్చి. ఇన్నాళ్లు దొరల గుట్టకు మొక్కినవ్!"

"నోర్ముయ్, బేవకూఫ్! తెచ్చింది నువ్వే గదరా," అంది గానీ, కలిపిన ముద్ద కంచంలోనే వదిలి చెయ్యి కడుక్కుంది.

జ్వరం నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న మనిషి. పొద్దున్నుంచీ మంచినీళ్లే.

"తినమ్మా, తప్పయింది," అని బతిమాలాడు మరిది.

"సామిని సూడకుండ ఎట్ల తింటరా?"

నాకేమీ తోచక, కింద రాసిందంతా చదవమన్నాను. అతను కూడబలుక్కుని చెప్పాడు. ఆ ఊళ్లవాళ్లు గొర్రెలు మేపుతారట. ఏడాదికోసారి అందరూ గుట్టెక్కి, ప్రార్థన చేసుకుని, కట్టుకెళ్లిన సద్ది అక్కడే తిని దిగుతారట.

అత్తమ్మ బొమ్మ వైపు తల తిప్పింది. "గొర్లా? ముసలోళ్లు గూడ ఎక్కుతరా?"

"పొట్టి గుట్టనే గదమ్మా. ఎక్కుతరు కావచ్చు."

"ఎక్కలేనోళ్లు?"

అతను మళ్లీ కింది అక్షరాల మీద వేలు పెట్టి వెతికాడు.

"ఆళ్ల వాకిట్ల నిలబడే మొక్కుతరేమో అత్తమ్మా," అన్నాను.

ఆమె బొమ్మలోని ఆ ఊళ్లకు దగ్గరగా జరిగింది. తర్వాత చేతులు జోడించింది. "కురుమూర్తి సామీ, గా ముసలోళ్లను గూడ సూడు. ఆళ్ల గొర్లను సల్లగుంచు." మా వైపు తిరిగి, "ఇంగ పెట్టు పిల్లా. పప్పు సల్లారిపాయె, ఎచ్చజెయ్. వీనికి మాత్రం మామిడికాయ తొక్కు ఎయ్యకు!" అంది.

మొదటి ముద్ద ఆమె గొంతు దిగాక నా ప్రాణం కుదుటపడింది. ఎన్నడూ చూడని ఆ ఊళ్లవాళ్లకు నేనూ మనసులోనే దండం పెట్టుకున్నాను.