లేచే చక్రం మీద వదిన

మా అన్న బండి తొక్కుతాడు, మా వదిన ఒరుగుతుంది. పెళ్ళయిన వారం నుంచీ వాళ్ళ కాపురం అంతే. మూడు చక్రాల సరుకు బండి అది. ముందు ఒక చక్రం, సీటు. వెనక రెండు చక్రాల మీద చెక్కబల్ల. సైకిలైతే మలుపులో తనే ఒంగుతుంది. ఈ మొద్దు బండి ఒంగదు. కుడికి తిప్పితే బరువంతా ఎడమకి తోసుకుపోయి కుడి చక్రం గాల్లోకి లేస్తుంది. అప్పుడు లేచే చక్రం మీదకే మనిషి పడాలి. భయపడేవాళ్ళు రెండోవైపు దూకేస్తారు. వదిన మాత్రం బల్ల అంచున కూర్చుని, లేచే వైపుకి నడుం దాకా బయటికి వాలేది. దారిన పోయేవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. "నవ్వనీ పిల్లా, వాళ్ళ బీరువాలు రోడ్డు పాలు కాకుండా చూస్తోంది నేనేగా" అనేది నాతో.

తొక్కేవాడికి వెనక ఏం జరుగుతుందో కనపడదు. అన్నకి చెవులే ఆధారం. మలుపులో బరువు జరిగితే ఫ్రేము మెలితిరిగి కిర్రుమనేది. అది వినగానే బ్రేకు నొక్కేవాడు.

ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయాక వదిన మూడోసారి నెల తప్పింది. ఈసారి ఏడో నెల దాకా నిలిచింది. ఇక బండెక్కితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. ఆవిడ లేనిదే బండి నడవదు, బండి నడవనిదే పొయ్యి వెలగదు. అన్న ఆవిడ బదులు ఇసుక బస్తా కట్టి చూశాడు. మలుపు ఎటొస్తుందో ఇసుకకేం తెలుసు? ఒకవైపు కాపాడితే రెండోవైపు కొంప ముంచేది.

చివరికి వెల్డరు దగ్గరికి పోయాడు. ఆ మహానుభావుడు ఫ్రేముని చేత్తో ఊపి, "ఇది బండా, ఊయలా?" అని వెక్కిరించి, సీటు కింద నుంచి బల్ల దాకా రెండువైపులా లావుపాటి పైపులు అతికాడు. "ఇక ఏనుగెక్కినా మెలితిరగదు పో" అన్నాడు. నిజమే, తిరగలేదు. కిర్రుమనడం కూడా మానేసింది. మా అన్న పొంగిపోయాడు. చెవులే ఆధారమైనవాడు నోరు మూసుకున్న బండిని చూసి సంబరపడటమేమిటి? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాటకొస్తే అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

చిన్నాచితకా సరుకులు బాగానే దింపాడు. తర్వాత ఒక బీరువా వచ్చింది. పడుకోబెడితే అద్దం పగులుతుందని ఆ ఇంటావిడ నిలబెట్టే తీసుకెళ్ళమంది. అన్న తాళ్ళతో బిగించాడు. ఇంట్లో ఉండమంటే వదిన ఉండే రకమా? "ఎక్కొద్దన్నారు గానీ నడవొద్దనలేదుగా" అని వెనకాలే బయల్దేరింది. బీరువా సొరుగులు నెత్తిన పెట్టుకుని నేనూ నడిచాను.

"మెల్లగా రావే, నీకేం తొందర" అన్నాడు అన్న, తొక్కుతూనే.

పిండిమర దాటాక రోడ్డు దిగుడు. అక్కడే కుడికి మలుపు, ఎడమవైపు కాలవ రాతిగట్టు. అన్న చప్పుడు కోసం చెవులు రిక్కించే ఉంటాడు. పాత ఫ్రేమైతే ముందు ఊగేది, మూలిగేది, బ్రేకు నొక్కేంత వ్యవధి ఇచ్చేది. ఇది నిటారుగా మలుపులోకి పోయి, చడీచప్పుడు లేకుండా కుడి చక్రాన్ని నేల మీంచి లేపేసింది. బీరువా, బండి, అన్న అన్నీ కలిసి రాతిగట్టు మీదకి వాలుతున్నాయి.

పక్కకి చూస్తే వదిన లేదు. ఆ కడుపుతో ఎలా పరిగెత్తిందో నాకు తెలియదు. లేచిన బల్ల అంచు మీద బోర్లా పడింది. చక్రం దబ్బున నేలకి దిగింది. బీరువా అద్దానికి గీత కూడా పడలేదు.

అన్న దిగొచ్చి చూశాడు. బీరువాని నడిరోడ్డు మీదే దించేసి, వదినని బల్ల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తొక్కాడు. నేను ఆమెని పట్టుకుని కూర్చున్నాను.

"కదులుతోందా వదినా?"

"ఉండు పిల్లా" అంటూ కడుపు మీద అరచెయ్యి జరుపుతోంది.

నర్సమ్మ వదిన కడుపు మీద యంత్రం పెట్టి బిడ్డ గుండెచప్పుడు కోసం వెతికింది. జరిపి జరిపి వెతికింది. తర్వాత తీసేసింది. అన్న చేతులు జోడించి, "ఇంకొక్కసారి చూడండమ్మా" అన్నాడు. చూసింది. మళ్ళీ తీసేసింది.

అన్న గోడకి తల కొట్టుకోబోతే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె గొంతులో ఏడుపు లేదు.

"నువ్వు పడిపోతావని తప్ప ఇంకేం గుర్తు రాలేదయ్యా" అంది. "కడుపుతో ఉన్నానన్న సంగతే మర్చిపోయాను."